అధ్యక్షుడు చెప్పిన తేదీ

మా క్లబ్బు పేరు ఓరుగల్లు సేవాజ్యోతి. నేను దానికి అధ్యక్షుణ్ణి. నా పేరు శ్యాంసుందర్, వయసు యాభై మూడు, వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కానీ ఆ ఏడాది ఎవరైనా పరిచయం అడిగితే ముందు క్లబ్బు పేరు, తర్వాత పదవి, ఆ తర్వాత గుర్తుంటే నా పేరు చెప్పేవాణ్ణి. దుకాణం మా ఆవిడ పద్మలత చూసుకునేది. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత" అని ఆమె నా గురించి గిరాకులతో అంటుంటే, ఎవరి గురించో అన్నట్టు నేనూ నవ్వేవాణ్ణి.

మా క్లబ్బులో సేవ లేకపోలేదు. రక్తదానం చేశాం, ఒక బడికి బల్లలిచ్చాం, ధర్మసాగర్ రోడ్డు పక్కన మొక్కలు నాటాం. కాకపోతే పోయినేడు నాటిన గుంతల్లోనే ఈ ఏడూ నాటాం, కొత్తగా తవ్వే పని ఉండదని. పాత మొక్కలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. ఫొటోలో కనిపించేది కొత్త మొక్కే కదా.

సేవ కంటే కష్టపడి చేసిన పని ఇంకోటుంది. సభ్యుల్ని చేర్చడం. మా క్లబ్బుల సంవత్సరం జూలైలో మొదలై జూన్ ముప్పైతో ముగుస్తుంది. మొదలయ్యే రోజునే మా క్లబ్బులన్నిటికీ జిల్లా ఛైర్మన్ అయిన హరికృష్ణ గారు ప్రకటించారు: ఏడాది చివరికి అరవై మంది సభ్యులున్న క్లబ్బుకు స్వర్ణ తోరణం బహుమతి. పేరుకే స్వర్ణం, వస్తువు ఇత్తడిది, నాలుగడుగుల ఎత్తు. దాని కింద అధ్యక్షుడి పేరు చెక్కుతారు. క్లబ్బు పేరు కాదు, అధ్యక్షుడి పేరు. ఆ ఒక్క మాటతో నాకు మతి పోయింది.

అప్పట్నుంచి నేను ఎదురుపడితే జనం సందుల్లోకి తిరిగేవారు. పన్ను పీకించుకోవడానికి పోయి, నోరు తెరిచి ఉండగానే జేబులోంచి ఫారం తీసి పళ్ల డాక్టరుకు చూపించాను. పరకాలలో ఒక పెళ్లికి పోయి, తలంబ్రాలు కాకముందే పెళ్లికొడుకును అడిగాను. ఒకరింట్లో పదకొండో రోజు భోజనాలకు పోయి, పోయినాయన జ్ఞాపకార్థం సభ్యత్వం తీసుకోమని కొడుక్కి చెప్పాను. అతను మర్యాదస్తుడు కాబట్టి విస్తట్లో ఇంకో గారె వేయించి ఊరుకున్నాడు. ఇంత చేసి పదకొండు నెలల్లో నేను చేర్చింది ఆరుగురిని. నా పోరు పడలేక మానేసింది ఏడుగురు. జూన్ మొదటికి మిగిలింది ముప్ఫై ఎనిమిది మంది.

జూన్ ఎనిమిదిన, ఆదివారం, నెక్కొండ దగ్గరి ఒక ఊళ్లో కంటి శిబిరం పెట్టాం. హన్మకొండలో దాతల సొమ్ముతో నడిచే ఒక చిన్న కంటి దవాఖాన ఉంది. అక్కడి డాక్టర్ వరలక్ష్మి గారు వచ్చి పరీక్ష చేస్తే, పొరలున్నవాళ్లకు దవాఖానలో ఉచితంగా ఆపరేషన్. ఊరివాళ్లకు పొద్దున తొమ్మిదికి రమ్మని చెప్పాం, వచ్చారు. ముఖ్య అతిథి హరికృష్ణ గారు పన్నెండుకు వచ్చారు. ఈ మూడు గంటలూ ఊరికే ఉండటమెందుకు, చూడటం మొదలుపెడతానని డాక్టరమ్మ అంటే వద్దన్నది నేనే. దీపం వెలిగించకుండా ఎలా మొదలుపెడతాం? ఫ్లెక్సీ మీద ప్రారంభోత్సవం అని రాసి ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆమె వెళ్లిపోవాలి కాబట్టి పద్నాలుగు మందిని చూడకుండానే పంపేశాం. వాళ్లకు మళ్లీసారి అని చెప్పాను. మళ్లీసారి అనే మాట మా క్లబ్బులో ఎప్పుడూ అయిపోదు.

ఆపరేషన్ కావాల్సినవాళ్లు ఇరవై రెండు మంది తేలారు. వాళ్లలో యాకమ్మ అనే ఆమెను చూసి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఈమెకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. పొర బాగా ముదిరింది. పదిహేను రోజులు దాటనియ్యకండి. లోపల ప్రెజర్ పెరిగితే తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదు."

యాకమ్మకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. ఆమె నా గొంతు వచ్చిన వైపు తిరిగి, "పత్తి గింజలు పెట్టే దినాలు సారు. సాలు కనవడ్తలేదు. గింజ యాడ పడుతాందో తెల్వక నన్ను కైకిలి పనికి ఎవ్వలు పిలుస్తలేరు. జర జల్ది చేపియ్యుండ్రి" అంది.

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేనున్నా గద" అన్నాను. అన్నాక ఫొటోగ్రాఫర్ ఉన్నాడా అని చూశాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా కార్యదర్శి రమాకాంత్ ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు. అతను బీమా ఏజెంటు. కాగితం మీద సంతకం పెట్టించడంలో చెయ్యి తిరిగినవాడు.

"అన్నా, మనకు తక్కువ పడ్డది ఎంత మంది?"

"ఇరవై రెండు."

"ఆపరేషన్‌కు తేలింది?"

నేను కారు ఆపేశాను. పల్లెటూరి సభ్యులకు ఆ ఏడు ప్రవేశ రుసుం కూడా లేదు. ఇది దేవుడు పంపిన లెక్కే అనిపించింది. మర్నాడు రమాకాంత్ ఆధార్ జిరాక్సుల కోసం ఊరికి పోయి, ఒక్కొక్కరితో రెండేసి కాగితాల మీద వేలిముద్రలు వేయించుకొచ్చాడు. ఒకటి ఆపరేషన్‌ది, రెండోది మా సభ్యత్వ ఫారం. వృత్తి అన్న గడి నేనే నింపాను. ఒక బర్రె ఉన్న ముసలాయనకు పాడి పరిశ్రమ అని, గంపలో కూరగాయలమ్మే సమ్మమ్మకు చిల్లర వర్తకం అని, యాకమ్మకు వ్యవసాయ రంగ నిపుణురాలు అని రాశాను. జిల్లా వాట్సాప్ గ్రూపులో మా సంఖ్య అరవై అని పడగానే చప్పట్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ సాయంత్రమే అద్దం ముందు నిలబడి బహుమతి తీసుకునేటప్పటి ఉపన్యాసం అభ్యాసం చేశాను.

పదహారో తారీఖున డాక్టర్ వరలక్ష్మి ఫోన్ చేసింది.

"మీ జాబితా మా ట్రస్టు వాళ్లు వాపసు పంపిన్రు. క్లబ్బు సభ్యులకు ఉచిత ఆపరేషన్ చెయ్యొద్దని దాతలు పెట్టిన షరతు ఉన్నది కదా. ఇదివరకు క్లబ్బులోళ్లు తమ అత్తమామల్నే తెచ్చేవారని పెట్టిన్రు. ఆధార్ నంబర్లు మీ జిల్లా సభ్యుల జాబితాతో కలిపి చూస్తే ఇరవై రెండు మందీ మీ సభ్యులే. వీళ్లను ఎట్ల చేర్చుకున్నరు?"

"సేవాభావంతో" అన్నాను. నోటికి వచ్చిన మాట అదొక్కటే.

కొరివితో తల గోక్కున్నానని అర్థమైంది. రమాకాంత్ మాత్రం తొణకలేదు. "గింతేనా అన్నా! ముప్పయ్యో తారీఖు దాక ఉండనియ్యి. ఒకటో తారీఖున తీసేద్దాం, రెండున ఆపరేషన్. పదిహేను దినాలల్ల ఏమైతది?"

ఏమవుతుందో డాక్టరమ్మ నాకు చెప్పే ఉంది. అతనికి ఆ మాట చెప్పకుండా సరేనన్నాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు, కానీ జరిగింది ఇదే. యాకమ్మకు ఫోన్ చేసి, "అవ్వా, దవాఖానల మిషన్ ఖరాబైంది. జూలై మొదటి వారంల తీస్కపోతం" అన్నాను.

"మంచిది సారు. మీరు చెప్పిన తారీఖే. మావోళ్లందరికి నేనే జెప్త" అంది.

ఆమె కొంచెమైనా గొడవ పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. పక్కనే గిన్నెలు తుడుస్తున్న పద్మలత తల ఎత్తకుండానే, "ఖరాబైంది మిషనేనా?" అంది. నాకు అప్పుడే ఎవరో గిరాకు వచ్చినట్టు అనిపించి బయటికి చూశాను. ఎవరూ లేరు.

మూడో రోజు పొద్దున యాకమ్మే దుకాణానికి వచ్చింది. ఒక కన్ను ఇంకా కనబడే సమ్మమ్మ చెయ్యి పట్టుకుని నెక్కొండలో రైలెక్కి, వరంగల్ స్టేషన్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ వచ్చారు. కొట్లాటకు కాదు. ముందు రోజు నుంచి కన్ను సలుపుతోందట, మిషన్ బాగైందేమో కనుక్కుందామని వచ్చారట.

పద్మలత స్టూలు వేసి చాయ్ తెప్పించింది. గ్లాసు కౌంటర్ మీద పెడితే యాకమ్మ చెయ్యి దానికి జానెడు అవతల గాలిలో వెతికింది. మళ్లీ ఇవతలికి వచ్చి వెతికింది. పద్మలత గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది. అప్పుడు నా వైపు చూసింది. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆమె నన్ను చాలా రకాలుగా చూసింది కానీ అలా ఎప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

ఆటోలో ఇద్దర్నీ హన్మకొండ తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్ష చేసి చుక్కల మందు వేసి, నాతో విడిగా చెప్పింది. "ప్రెజర్ మొదలైంది. వారం, అంతే. సభ్యత్వం తీసేసినట్టు కాగితం తెండి, మర్నాడే చేస్తా."

బయటి దవాఖానలో మన పైసలతో చేయిద్దామని పద్మలత ఫోన్లో అంది. నేనూ అదే చెబితే యాకమ్మ ఒప్పుకోలేదు. "అందరం ఒక్కపారే పేర్లు రాయించుకున్నం. నన్నొక్కదాన్నే తీస్కపోతే ఊర్ల ఏమని జెప్పాలె? మిషన్ నాకొక్కదానికే బాగైందంటనా?"

సభ్యుల్ని చేర్చడానికి మా క్లబ్బుకు ఒక్క వేలిముద్ర చాలు. తీసేయడానికి మాత్రం సర్వసభ్య సమావేశం పెట్టాలి, సగం మంది హాజరు కావాలి, తీర్మానం చేయాలి, ఫొటో పంపాలి. ఈ సంగతి మా రాజేశ్వర్ రావు గారు చెప్పారు. ఆయన రిటైరైన వకీలు, మా నియమావళి పుస్తకం చదివిన ఒకే ఒక్క సభ్యుడు. అరవై మందిలో సగమంటే ముప్ఫై. మా సమావేశాలకు వచ్చేది తొమ్మిది మంది, అందులో ఇద్దరు టిఫిన్ కోసం. ఉత్త కాగితం మీద పెంచిన సంఖ్య ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది. ఫోన్లు చేస్తే ఒకరు తిరుపతిలో ఉన్నారు, ఒకరు తాను సభ్యుణ్ణని మర్చిపోయారు, ఒకరు చనిపోయి ఆరు నెలలైందని వాళ్ల అబ్బాయి చెప్పాడు. చివరికి ఒక్కటే దారి మిగిలింది. ఆ ఇరవై రెండు మందినే సమావేశానికి పిలిపించి, వాళ్లను తీసేయడానికి వాళ్ల చేతే చేతులెత్తించాలి.

ఇరవై రెండో తారీఖు, ఆదివారం, మినీబస్సు పంపాను. ఒకాయనకు జ్వరం వచ్చి ఇరవై ఒక్క మంది దిగారు. మేం తొమ్మిది మందిమి. లెక్క ముప్ఫైకి సరిపోయింది. హన్మకొండ హోటల్లో మేం తీసుకునే హాలు పదకొండు నెలల్లో అంతగా నిండటం అదే మొదలు. ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా వచ్చి కూర్చున్నారు. ఏసీకి వణుకుతుంటే దాన్ని ఆపేయించాం. మా భానుచందర్ ఫోన్ మోగితే మాట్లాడటానికి లేవబోయాడు.

"కూసో!" అన్నారు రాజేశ్వర్ రావు. "నువ్వు పోతే ఇరవై తొమ్మిది."

రమాకాంత్ తీర్మానం చదివాడు. సగం ఇంగ్లీషు, సగం గ్రాంథికం. చదవడం కాగానే యాకమ్మ లేచి నిలబడింది.

"ఏం జదివినవ్ బిడ్డా? మాకు తెల్వలే."

రమాకాంత్ నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు, చూపున్నవాళ్లు. అనివార్య కారణాల వల్ల అని మొదలుపెట్టే వాక్యం ఒకటి ముందే అనుకుని ఉంచుకున్నాను. దాన్ని మొదలుపెట్టకుండానే వదిలేశాను.

"అవ్వా, మొన్న మీతోని రెండు కాగితాల మీద ఏలుముద్రలు ఏపిచ్చినం. ఒకటి ఆపరేషన్‌ది. రెండోది మీరు మా క్లబ్బుల మెంబర్లయినట్టు. గది మీకు చెప్పలే. మెంబర్లకు గా దవాఖానల ఫ్రీగ చెయ్యరు. తెలిసినంక గూడ మేం మీ పేర్లు తీసెయ్యలే."

"మిషన్ ఖరాబైంది అన్నవ్ గద సారు?"

"కాలే అవ్వా. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"ముప్పయ్యో తారీఖు దాక అరవై మంది మెంబర్లుంటే నాకు బహుమతి వస్తది."

"ఏం బహుమతి?"

"తోరణం. ఇత్తడిది. గింత ఉంటది" అని చెయ్యి ఎత్తి చూపించాను. చూపించాక తెలిసింది, ఎవరికి చూపిస్తున్నానో. చెయ్యి దించేశాను.

యాకమ్మ, "నా కన్నుకు ఇత్తడికి పోటీ పెట్టినవా సారు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే దానికి ఎలాగోలా జవాబు చెప్పి ఉండేవాణ్ణి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కూడా ఆమెకు కనబడవని ఇంకా బాధేసింది.

సమ్మమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పింది. యాకమ్మ మళ్లీ అడిగింది. "ఇప్పటికైతే మేం మెంబర్లమేనా?"

"తీర్మానం అయ్యేదాక మెంబర్లే" అన్నారు రాజేశ్వర్ రావు.

"మెంబర్లమైతే మేం గూడ ఒక మాట చెప్పొచ్చా?"

ఆయన ముఖం వెలిగింది. ఆ పుస్తకం చదివినందుకు ఇన్నేళ్లకు ఒక పని తగిలింది. "చెప్పొచ్చు తల్లీ. మీరు ఇరవై ఒక్క మంది, మేం తొమ్మిది. మీరు ఏది చెప్తే గది పాసయితది."

వాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకుని మాట్లాడుకున్నారు. పావుగంట పట్టింది. మా వాళ్లలో టిఫిన్ కోసం వచ్చిన ఇద్దరు తలుపు వైపు చూస్తున్నారు కానీ కదలలేకపోయారు. యాకమ్మ లేచింది.

"మా పక్కింటి చిలుకమ్మ గాదినం తొమ్మిదింటికే అచ్చి కూసున్నది. సారోళ్లు దీపం ముట్టిచ్చేదాక మూడు గంటలు కూసున్నది. పరీక్ష కాకుండనే వాపసు పోయింది. గట్ల పద్నాలుగు మంది పోయిన్రు. మల్లొక్కసారి అన్నరు. గా మల్లొక్కసారి ఎప్పుడో రాయుండ్రి. దీపం వద్దు, దండలు వద్దు, పెద్దసారు రాకున్నా మంచిదే. డాక్టరమ్మ అస్తె సాలు. గిది రాసినంకనే మా పేర్లు కొట్టెయ్యుండ్రి."

రాజేశ్వర్ రావు గారు చెప్తుంటే రమాకాంత్ రాశాడు. శిబిరం మళ్లీ జరపాలి, ప్రారంభోత్సవం ఉండకూడదు, తేదీ డాక్టరు గారిని అడిగి ఊరికి తెలియజేయాలి. ఇరవై ఒక్క చేతులు లేచాయి. మా వైపు చేతులు తర్వాత లేచాయి, నాది అన్నిటికంటే ఆలస్యంగా. మా క్లబ్బులో ప్రతిపాదన అంటే నేను చెప్పడం, చాయ్ వచ్చేలోగా అందరూ సరేననడం. ఇంకొకరు చెబితే చెయ్యి ఎత్తడం నాకు అలవాటు లేదు. తర్వాత వాళ్ల పేర్లు తీసేసే తీర్మానానికి కూడా అవే ఇరవై ఒక్క చేతులు లేచాయి.

సాయంత్రం హరికృష్ణ గారు ఫోన్ చేశారు. ఒక్క రోజులో ఇరవై రెండు మంది సభ్యుల్ని పోగొట్టుకున్న క్లబ్బు జిల్లాలో ఇంతవరకూ లేదట. ఆ విధంగా నా పేరు మీద కూడా ఒక రికార్డు ఉంది. పద్మలత ఆ రాత్రి నాకు అన్నం వడ్డిస్తూ, అడక్కుండానే పప్పులో నెయ్యి వేసింది.

ఇరవై నాలుగున యాకమ్మకు ఆపరేషన్ అయింది, ఇంకో ఆరుగురికి కూడా. మిగతావాళ్లకు ఆ వారంలోనే. మర్నాడు పొద్దున యాకమ్మ కట్టు విప్పుతారని తెలిసి పోయాను. ఫొటోగ్రాఫర్ని తీసుకుపోలేదు. రెండో శిబిరం తేదీ డాక్టరమ్మను అడిగి, ఒక కాగితం మీద నా చేత్తో రాసుకున్నాను.

సౌమ్య అనే నర్సు మెల్లగా కట్టు విప్పింది. యాకమ్మ చాలాసేపు రెప్పలు ఆడించింది. నర్సును చూసింది. కిటికీని చూసింది. తర్వాత తన చెయ్యి ముఖం ముందు పెట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. "కనవడ్తాంది" అంది. పక్కనున్న సమ్మమ్మ ఏడ్చేసి, నన్ను చూపించి, "గీయనే శ్యాంసుందర్ సారు" అంది.

యాకమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నిజం చెప్పాలంటే నేను ఎదురుచూశాను. సల్లగుండు బిడ్డా అంటుందని, కనీసం చేతులు జోడిస్తుందని. అధ్యక్షుడు లోపల ఇంకా చావలేదు.

"అవ్వా, చిలుకమ్మోళ్లకు జూలై ఆరో తారీఖు. ఆదివారం" అన్నాను.

ఆమె నర్సు వైపు తిరిగింది.

"బిడ్డా, గా తారీఖు నువ్వు పోయి డాక్టరమ్మను అడిగిరా. గీ సారు చెప్పిన తారీఖు నేను ఊర్ల జెప్ప."

సౌమ్య ఇబ్బందిగా నా వైపు చూసింది. నేను కాగితం ఆమెకిచ్చాను. ఆమె లోపలికి పోయి అడిగి వచ్చి, "ఆరో తారీఖే అవ్వా" అంది.

అప్పుడు యాకమ్మ తలూపింది.